యంత్రానికీ గీటురాయి కావాలి

తొలకరి జల్లు పడడమే తరువాయి, తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో జనం నడుములు వంచి నేల చూస్తూ నడవడం మన కర్నూలు జిల్లా పాఠకులకు కొత్త సంగతి కాదు. ఒక్క వజ్రం దొరక్కపోతుందా, అప్పు తీరకపోతుందా అన్న ఆశతో సద్దిమూటలు కట్టుకుని పిల్లాపాపలతో వచ్చేవారెందరో వున్నారు. ఈ వెతుకులాటకు ఇంతకాలం పెట్టుబడి రెండు కళ్లే. దొరక్కపోతే పోయేది నాలుగు రోజుల కూలి.

ఇప్పుడు పరిస్థితి మారుతున్నది. పొడవాటి కర్ర చివర పళ్లెం వంటి చుట్ట, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని చేలల్లో తిరిగే కుర్రవాళ్లు అక్కడక్కడా కనబడుతున్నారు. అవి మెటల్ డిటెక్టర్లు. వేలల్లో మొదలై లక్షల్లోకి పోతుంది వాటి ధర. "కొత్త మోడల్ వచ్చింది, గోధుమ గింజంత బంగారం వున్నా కూత వేసి చెబుతుంది" అని సెల్‌ఫోన్లో బొమ్మలు చూపించి అమ్ముతున్నారు. ఎద్దును కొనేటప్పుడు పళ్లు పట్టి చూస్తాం. విత్తనాలు కొనేటప్పుడు గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూటగట్టి మొలక చూస్తాం. మరి ఈ యంత్రాన్ని ఏమి చూసి కొంటున్నాం? ఈ ప్రశ్న వేయవలసిన అవసరం మా ఇంట్లోనే వచ్చింది.

మా ఇంటి సంగతి

మా అన్న కొడుకు నిరుడు ఇలాంటి యంత్రమొకటి కొన్నాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి యాభై వేలు తెచ్చి పెట్టాడు. అమ్మినవాడు చేసిన పరీక్ష ఏమిటని అడిగాను. బల్ల మీద వుంగరం పెట్టి, పైన యంత్రం తిప్పితే గట్టిగా కూసిందట. అడుగు ఎత్తు నుంచి కూడా కూసిందట. "ఇంకేం కావాల చిన్నాయనా?" అన్నాడు.

కావలసింది చాలా వున్నది. వుంగరం గుండ్రంగా మూసుకున్న చుట్ట. యంత్రం నుంచి వచ్చే అయస్కాంత తరంగం దానిలో సులభంగా విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ విద్యుత్తు మళ్లీ పుట్టించే చిన్న అయస్కాంత ప్రభావాన్నే యంత్రం పసిగట్టి కూస్తుంది. కాబట్టి వుంగరానికి కూయడం ఏ నాసిరకం యంత్రానికైనా చేతనయిన పనే. అదే బంగారాన్ని కరిగించి నాలుగు గుండ్లు చేస్తే ఒక్కొక్క గుండుకు వచ్చే కూత ఎంతో తగ్గిపోతుంది. బల్ల మీద వుంగరానికి జరిగిన పరీక్ష, మట్టిలోని నలుసుకు చెల్లదు.

అందుచేత మా ఊరి ఆచారి వద్దకు వెళ్లాం. గురిగింజ ఎత్తు బంగారపు గుండు ఒకటి, అందులో సగం ఎత్తుది ఒకటి పోసి ఇమ్మన్నాం. పాత లెక్కలో తులానికి 96 గురిగింజలు. అంటే గురిగింజ ఎత్తు ఇంచుమించు 120 మిల్లీగ్రాములు. దానితో పాటు, గురిగింజ ఎత్తే బంగారు రజను, అంటే ఆకురాయి పొడి, చిన్న కాగితం పొట్లంలో కట్టించుకున్నాం. "యంత్రాన్ని గీటురాయి మీద గీస్తారా సారూ?" అని ఆచారి నవ్వాడు. ఆ మాటే ఈ వ్యాసానికి పేరయింది.

గాలిలో ఒకటి, నేలలో మరొకటి

మొదట గాలిలోనే చూశాం. చేతి గడియారం, వేలి వుంగరం, జేబులో చిల్లర, సెల్‌ఫోను అన్నీ దూరంగా పెట్టాం. కరెంటు తీగలకు, పంపుసెట్టుకు దూరంగా నిలబడ్డాం. గురిగింజ గుండుకు మూడు వేళ్ల ఎత్తు దాకా స్పష్టంగా కూసింది. నాలుగు వేళ్లకు సందేహంగా మూలిగింది. బెత్తెడు దాటితే నోరు మెదపలేదు. సగం గుండుకు రెండు వేళ్ల ఎత్తే గగనమయింది. రజను పొట్లానికి మాత్రం, కాయిల్‌కు ఆనించి రుద్దినా చిన్న కూత కూడా రాలేదు. ఎత్తు గుండుదే, బంగారమూ ఆచారి ఇచ్చిందే. కానీ పొడిలో రేణువుకు రేణువు అంటక విడిగా వుంటుంది గనుక విద్యుత్తు చుట్టు తిరగడానికి దారి లేదు. ఈ రజను సంగతి పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

తరువాత చేలోకి పోయాం. ఎర్రనేల. దానికా ఎరుపు వచ్చిందే ఇనుము వల్ల. పైగా కొన్ని నేలల్లో అయస్కాంతానికి అంటుకునే నల్లని ఇసుక వుంటుంది. యంత్రానికి ఇదంతా లోహం మాదిరిగానే వినబడుతుంది. నేల చేసే ఈ సందడిని లెక్కగట్టి తీసివేయడానికి యంత్రంలో సర్దుబాటు వుంటుంది. అది సరిగా చేసుకోకుండా శక్తి మరను చివరి దాకా తిప్పితే ఏమవుతుంది? అడుగడుగునా కూత. మా వాడు మొదటిరోజు అదే చేశాడు. ప్రతి కూతకూ తవ్వాడు. దొరికినవి గుర్రపు నాడా మేకు, సిగరెట్ పెట్టె రేకు, సోడా మూత, మిగిలినవి ఉత్త ఎర్రరాళ్లు.

ఇక్కడ అసలు పరీక్ష పెట్టాం. పాఠకులెవరైనా చేసుకోదగ్గ పరీక్ష ఇది, ఖర్చు లేనిది. ముందు యంత్రంతోనే నేల శుభ్రం చేసి పాత మేకులు ఏరిపారేశాం. ఒకే కొలతతో అంగుళం లోతు గుంత తీశాం. గుండు పోగొట్టుకోకుండా అట్టముక్కకు బంకతో అంటించి దారం కట్టాం. గుండు లేని ఉత్త అట్టముక్కకూ అలాగే దారం కట్టాం. మా వాడిని గోడ చాటున నిలబెట్టి రూపాయి బిళ్ల ఎగరేశాను. బొమ్మ పడితే గుండు వున్న అట్ట, బొరుసు పడితే ఉత్త అట్ట గుంతలో పెట్టి పూడ్చాను. బిళ్లను, పారను దూరంగా పెట్టి వాడిని పిలిచాను. వుందో లేదో చెప్పాలి. ఇలా పది విడతలు. పాతింది నేను, విన్నది వాడు. విన్నవాడికి ముందుగా తెలియకూడదు. తెలిస్తే చెవి కూడా ఆశపడుతుంది.

మొదటిసారి పదింట ఆరు ఒప్పులు వచ్చాయి. మా వాడు సంతోషించాడు గాని, సంతోషించవలసింది ఏమీ లేదు. కళ్లు మూసుకుని చెప్పినా సగటున అయిదు ఒప్పవుతాయి. శక్తి మర తగ్గించి, నేల సర్దుబాటు సరిగా చేసి, పళ్లాన్ని నేలకు ఆనించినట్టుగా నిదానంగా తిప్పమన్నాను. ఈసారి తొమ్మిది ఒప్పులు! గుడ్డిగా చెబితే తొమ్మిదో పదో ఒప్పయ్యే అవకాశం 1024లో 11 మాత్రమే, అంటే సుమారు తొంభైమూడుసార్లకు ఒకసారి. కాబట్టి యంత్రం నిజంగానే వింటున్నదని ఒప్పుకున్నాం. అదే గుండును నాలుగంగుళాల లోతున పెట్టి మళ్లీ పది విడతలు చూశాం. ఒప్పులు అయిదు. అంటే అక్కడ యంత్రమూ రూపాయి బిళ్లా ఒకటే.

రెండు నిజాలు, ఒక మోసం

దీనిని బట్టి అమ్మకందారుల మాటలోని కిటుకు అర్థమవుతుంది. "గింజంత బంగారాన్ని పడుతుంది" అనేది నిజం కావచ్చు. "అడుగు లోతున వున్నదాన్ని పడుతుంది" అనేది కూడా నిజం కావచ్చు. గింజంతది అంగుళం లోతున పడుతుంది. అడుగు లోతున పట్టేది చెంబంతదాన్ని. ఈ రెండు నిజాలను కలిపి కుట్టి, గింజంత బంగారాన్ని అడుగు లోతున పట్టిస్తామన్నట్టు చెప్పడమే మోసం. చిన్న వస్తువు దూరం పెరిగేకొద్దీ కూత సమంగా తగ్గదు, కుప్పకూలుతుంది. కాయిల్ వెడల్పును మించిన దూరాల్లో, దూరం రెండింతలయితే దాని నుంచి తిరిగివచ్చే సంకేతం 64వ వంతుకు పడిపోతుంది. ఏ కంపెనీ అయినా, ఏ కొత్త మోడల్ అయినా ప్రకృతి పెట్టిన ఈ లెక్కను దాటిపోలేదు.

ఇలాగని ఈ యంత్రాలన్నీ బూటకమని నా అభిప్రాయం కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1980లో కింగోవర్ సమీపాన ఒకాయన మెటల్ డిటెక్టరుతోనే 27 కిలోలకు పైబడిన బంగారు ముద్దను కనుగొన్నాడు. "హ్యాండ్ ఆఫ్ ఫెయిత్" అని దానికి పేరు పెట్టారు. సుమారు అడుగు లోతున వుండినది. అదే రాష్ట్రంలో మొలియాగుల్ వద్ద 1869లో ఏ యంత్రమూ లేకుండానే దాదాపు 72 కిలోల ముద్ద నేలకు కొద్ది అంగుళాల కిందే దొరికింది. అటువంటి పెద్ద ముద్దలు చాలావరకు ఏరుకుపోయాక ఇప్పుడక్కడి వేటగాళ్లకు మిగిలినవి ఎక్కువగా నలుసులే. అందుకే తయారీదారుల పోటీ అంతా ఎంత చిన్న నలుసును పట్టగలమన్న దాని మీద నడుస్తున్నది.

నాణేలు వెదికే సాధారణ యంత్రాలు పది కిలోహెర్ట్జ్‌లకు అటూ ఇటూగా పనిచేస్తే, చిన్న బంగారం కోసమే చేసిన గోల్డ్ మాన్‌స్టర్ 1000 అనేది 45, గోల్డ్ బగ్ 2 అనేది 71 కిలోహెర్ట్జ్‌ల మీద పనిచేస్తాయి. పౌనఃపున్యం పెరిగితే నలుసు బాగా వినబడుతుంది, కానీ నేల సందడీ పెరుగుతుంది. పల్స్ పద్ధతిలో పనిచేసేవి మరో రకం. అవి ఒక్కసారి తరంగాన్ని కొట్టి ఆపి, ఆ తరువాత వింటాయి. ఇనుము నిండిన నేలలో అవి మెరుగు, లోతుకూ మెరుగు. అయితే నలుసులో పుట్టిన విద్యుత్తు కొద్ది మైక్రోసెకన్లలోనే చచ్చిపోతుంది. యంత్రం వినడం మొదలుపెట్టేసరికే అది అయిపోయివుంటే కూత రాదు. ఒక సుగుణం కావాలంటే మరొకటి కొంత వదులుకోవలసిందే. అక్కడి అనుభవజ్ఞులు కొత్త యంత్రం చేతికి రాగానే తూచిన నలుసులను తమ నేలలోనే పాతి, ఎంత ఎత్తుదాన్ని ఎంత లోతున పట్టిందో చూసుకుంటారు. మనవాళ్లు వాళ్ల యంత్రాన్ని తెచ్చుకున్నారు, వాళ్ల పరీక్షను తెచ్చుకోలేదు.

మన నేలలో వున్నదేమిటి?

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. జొన్నగిరి వద్ద బంగారం వున్న మాట నిజం. అశోకుని కాలపు సువర్ణగిరి ఇదేనని చెప్పే చరిత్రకారులున్నారు. ఎర్రగుడి అశోక శాసనం దగ్గరలోనే వున్నది. ఒక ప్రైవేటు కంపెనీ గని కూడా జొన్నగిరిలో వచ్చింది. ఇవన్నీ చెప్పే అమ్మకందారులు తమ సరుకు అమ్ముకుంటున్నారు. కానీ అక్కడి బంగారం ముద్దలుగా పొలాల్లో పడివున్నది కాదు. గట్టిరాతిలో, తెల్లరాతి చారల్లో కంటికానని రేణువులుగా చెదిరివున్నది. టన్ను రాతికి ఒకటిన్నర గ్రాములు వున్నాయనుకుందాం. అంటే పది కిలోల తట్టెడు రాతిలో వుండేది 15 మిల్లీగ్రాములు, గురిగింజలో ఎనిమిదో వంతు. అది కూడా ఒకచోట కాదు, తట్ట అంతటా పొడిపొడిగా. ఆచారి ఇచ్చిన రజను పొట్లాన్ని కాయిల్‌కు రుద్దినా కూయని యంత్రం ఈ తట్టను చూసి ఎట్లా కూస్తుంది? అందుకే గనులవారు రాతిని పిండి కొట్టి, రసాయనాలతో బంగారాన్ని విడదీస్తారు. 2001లో మూతపడిన కోలారు గనుల్లోనూ మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి రాతినే తవ్వారు గాని ముద్దలేరుకోలేదు.

వజ్రాల సంగతయితే చెప్పనే అక్కరలేదు. వజ్రం లోహం కాదు, బొగ్గుకు తోబుట్టువు. దానిలో విద్యుత్తు పారదు. ఏ మెటల్ డిటెక్టరూ వజ్రాన్ని చూసి కూయదు. కూస్తుందని చెప్పి అమ్మేవాడు తెలియక చెబుతున్నాడో తెలిసి చెబుతున్నాడో గాని, చెప్పేది మాత్రం అబద్ధం.

ఇంతకంటె ఘోరమైనవి "దూరం నుంచే దిక్కు చూపే" యంత్రాలు. పిడికి ఒక కమ్మీ, అది బంగారమున్న వైపు తిరుగుతుందట! ఇటువంటి దాని చరిత్ర లోకానికి తెలుసు. గోల్ఫ్ బంతులు వెదికేదంటూ అమ్మిన ఉత్తుత్తి వస్తువును అనుసరించి "ఏడీఈ 651" అన్న పేరుతో బాంబులు పసిగట్టే యంత్రం తయారయింది. ఇరాక్ ప్రభుత్వం భారీ ధర పోసి కొని తనిఖీ కేంద్రాల్లో పెట్టింది. దాన్ని అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కు బ్రిటన్ కోర్టు 2013లో పదేళ్ల జైలుశిక్ష విధించింది. అట్టముక్క, రూపాయి బిళ్ల పరీక్ష ఒక్కసారి పెట్టివుంటే మొదటిరోజే బయటపడే మోసమది. అక్కడ పోయినవి డబ్బులు మాత్రమే కాదు, ప్రాణాలు.

చేయవలసినదేమిటి?

కొనదలచినవారికి నా మనవి ఇది. అమ్మేవాడి బల్ల మీద కాదు, మీ చేలోనే పరీక్ష అడగండి. వుంగరంతో కాదు, తూచిన గుండుతో అడగండి. గుండు లేని గుంతలు కూడా వుండాలని పట్టుబట్టండి. ఒప్పుకోనివాడి దగ్గర కొనకండి. రసీదు లేకుండా కొనకండి. అమ్మినవాడు ఏ ఊరివాడైనా, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. రసీదు లేకపోతే ఏ చట్టమూ ఆదుకోవడం కష్టం.

మరొక హెచ్చరిక కూడా అవసరం. ఆస్ట్రేలియాలో నిర్ణీత రుసుము చెల్లించి అనుమతి పొందినవాడు అనుమతించిన చోట వెదుక్కుని దొరికింది వుంచుకోవచ్చు. మన దేశంలో అట్లా కాదు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం అనుమతి లేనిదే బంగారం వంటి ఖనిజాల అన్వేషణ చేయరాదు. భూమిలో దాచిన నిధి దొరికితే, దాని విలువ పది రూపాయలు దాటినా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. ఈ యంత్రాలు పట్టుకుని రాత్రివేళ పాత గుళ్లు, కోటలు తవ్వేవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. కొన్న కుర్రవాడు అప్పుతో పాటు కేసు కూడా తలకెత్తుకునే ప్రమాదమున్నది.

అధికారులకూ ఒక సూచన. కిలో రాయికి ముద్ర వేసి, పెట్రోలు పంపుకు కొలత చూసే తూనికలు, కొలతల శాఖ మనకున్నది. యాభై వేలు, లక్ష పోసి కొనే ఈ యంత్రానికి మాత్రం అడిగే నాథుడు లేడు. కొత్త శాఖలు పెట్టమని అడగడం లేదు. జిల్లాలో ఇంజనీరింగు కళాశాలలున్నాయి, పాలిటెక్నిక్‌లున్నాయి, భౌతికశాస్త్రం చెప్పే అధ్యాపకులున్నారు. ఏటా తొలకరికి ముందు పత్తికొండలోనో, తుగ్గలిలోనో ఒక్కరోజు బహిరంగ పరీక్ష పెట్టి, ఏ యంత్రం ఎంత బంగారాన్ని ఎంత లోతున పట్టిందో, పదింట ఎన్ని ఒప్పులు చెప్పిందో బోర్డు మీద రాసి ప్రజలకు చూపిస్తే చాలు. వజ్రం ముక్కనొకటి కూడా తెచ్చి పళ్లెం కింద పెట్టి చూపించాలి. అది కూయకపోవడాన్ని జనం తమ చెవులతో వినాలి.

మా వాడి యంత్రం ఇప్పుడు గోనెసంచిలో చుట్టి అటక మీద వున్నది. అది చెడిపోలేదు, ఈనాటికీ అంగుళం లోతున గురిగింజ ఎత్తు బంగారానికి నిజాయితీగా కూస్తుంది. ఆ అంగుళంలో బంగారం లేదు, అంతే. వడ్డీ మాత్రం నెలనెలా పదిహేను వందలు కడుతున్నాడు. ఈ పరీక్ష కొనకముందు చేసివుంటే ఆ పదిహేను వందలు ఇంట్లో వుండేవి. వచ్చే తొలకరిలోగా మరికొన్ని ఇళ్లు ఈ దారి పట్టకుండా సంబంధిత అధికారులు, కళాశాలల పెద్దలు శ్రద్ధ వహించగలరని ఆశిద్దాం.